రోమక యోధుని యంగీ యే రంగు?

గడచిన సంవత్సరము మా పాఠశాల చేతిపనుల సంఘమువారు ఒక రోమక సైనికుని బొమ్మను కూర్చి రంగులు వేసిరి. బొమ్మ యెత్తు 75 మిల్లీమీటర్లు. పెద్దవాని మధ్యవ్రేలంత యుండును. ఇంత చిన్న వస్తువును గూర్చి సాంవత్సరిక సంచికలో నింత పెద్ద వ్యాసమేలయని చదువరులు కొందఱు నవ్వవచ్చును. నవ్వినను సరియే. ఆ బొమ్మకు పొరుగూర జరిగిన యొక ప్రదర్శనమున బహుమానము రాలేదు. రానందుకు మాకు చింత లేదు. రాకుండుటకు చెప్పిన కారణమును గూర్చియే మా తగవు. రోమక సైనికుడు ఎఱ్ఱయంగీ తొడుగుననియు, వీరు తెల్లది వేసినారనియు, చరిత్రజ్ఞానము చాలదనియు పరీక్షకులు చీటిమీద వ్రాసిరి. బొమ్మప్రక్కన మా విద్యార్థిని మడచియుంచిన కాగితమును వారు విప్పియైనను చూడలేదు. ఆ కాగితములో నేమి యున్నదో, చరిత్రకెక్కిన యోధుల బొమ్మలు చేయించు ప్రతి పాఠశాలయందును అట్టి కాగితమొకటి యేల యుండవలెనో మేమిచట విన్నవింపదలచితిమి.

మొదట, ఈ పని యెట్టిదో యెఱుగని తలిదండ్రుల కొఱకు నాలుగు మాటలు. రెజినను పేరు విని చెట్టుబంక యని తలపవలదు. ఇది రెండు ద్రవములను కలిపినపుడు కొలది నిమిషములలో గట్టిపడు ప్లాస్టికుజాతి పదార్థము. శిల్పి మొదట చేతితోనో, ఈ దినములలో కంప్యూటరు మీదనో మూలవిగ్రహమును సిద్ధపఱచును. దానిచుట్టు సిలికోను రబ్బరు పోసి యచ్చు తీసి, ఆ యచ్చులో రెజిను పోయుదురు. అచ్చునుండి తీయుటకు వీలుగ నుండవలెను గనుక బొమ్మ యొక్క ముక్కగా రాదు. మా పెట్టెలో పది ముక్కలుండెను: కాళ్లతో గూడిన మొండెము, చేతులు రెండు, శిరస్త్రాణముతో గూడిన తల, డాలు, కత్తి, బాకు, రెండు ముక్కలుగ బల్లెము, పీఠము. కొండపల్లి బొమ్మలవారి పని చూచినవారికి ఇందు వింత యేమియు లేదు. వారును తెల్లపొణికి కఱ్ఱతో అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో నతికి, సున్నము పూసి, పిమ్మట రంగులు దిద్దుదురు. పదార్థము మాఱినది గాని పనివరుస మాఱలేదు.

మేము చేసిన మొదటి తప్పు కడుగకపోవుట. అచ్చునుండి బొమ్మ సులువుగ విడివడుటకై పోతపోయువారు లోపల నొక విధమగు జిడ్డు పూయుదురు. అది కంటికి కనబడదు. గోరువెచ్చని నీటితోను, గిన్నెలు తోము సబ్బుతోను, పాత పండ్లకుంచెతోను ప్రతి ముక్కను తోమవలెనని పెట్టెలోని కాగితము చెప్పుచునేయున్నది, మేము చదువలేదు. డాలుమీద మూడు పూతలు వేసిన పిమ్మట నొకనాడు గోరు తగులగా రంగంతయు ఉల్లిపొరవలె లేచివచ్చినది. నాలుగు సాయంకాలముల పని పోయినది. పిల్లలు కోపింపలేదు, కోపించినది మేమే, అదియు మామీద మేమే.

ముక్కలమీద అచ్చు రెండు పలకలు కలిసినచోట సన్నని గీత లేచియుండును. దానిని ఆకురాయితోను గరుకుకాగితముతోను తీసివేయవలెను. ఇచట మేము గట్టిగ చెప్పునది యొకటి కలదు. రెజిను పొడి గాలిలో లేచి ఊపిరితిత్తులలోనికి పోవుట మంచిది కాదు. కాబట్టి రాపిడి యంతయు నీటిలో తడిపియే చేయవలెను, ముక్కునకు మాస్కు కట్టవలెను, కిటికీలు తెఱచియుంచవలెను, ఆ బల్లమీద తినుబండారము లుండరాదు. కంప్యూటరు సాయమున బొమ్మలను పొరలు పొరలుగ ముద్రించు యంత్రములలో వాడు ద్రవరెజినును గట్టిపడకమునుపు ఉత్తచేతులతో ముట్టరాదు. చర్మమునకు చెఱుపు చేయును. ఇంటివద్ద నీ పని చేయు పిల్లలు కొందఱు పడకగదిలో తలుపులు మూసికొని రాపాడించుచున్నారని విన్నాము. తలిదండ్రులు దీనిని చూడవలెను.

అతుకుటకు ప్లాస్టికు బొమ్మల జిగురు పనికిరాదు. ఆ జిగురు ప్లాస్టికును కొంచెము కరగించి యతుకును, రెజినును కరగింపలేదు. సూపర్‌గ్లూ గాని, రెండు పాళ్లు కలుపు ఎపాక్సీ గాని వాడవలెను. బరువైన ముక్కలకు చిన్న బరమాతో రెండువైపుల సన్నని రంధ్రము చేసి ఇత్తడితీగ ముక్కను లోపల నుంచి యతికిన నది విడువదు. మా యోధుని కుడిచేయి అట్లే నిలిచినది. బల్లెపు పైభాగము పెట్టెలోనే వంగియుండెను. వేడినీటిలో ముంచి చక్కజేయబోగా విఱిగినది. దానికి బదులు ఉక్కుతీగ నమర్చితిమి. పిమ్మట తెలిసినదేమనగా, రోమక సైనికుడు విసరు బల్లెమునకు పైభాగము పొడవైన యినుపకాడయే, క్రిందిభాగము మాత్రమే కఱ్ఱ. విఱుగుటవలన మా బొమ్మ నిజమునకు కొంత దగ్గఱయైనది.

పెట్టె కొనునపుడు మఱియొక సంగతి. ఒకచోట నిదే బొమ్మ మూడవవంతు వెలకు దొరకునని తెలిసి మేమును ఆశపడితిమి. విచారింపగా నది శిల్పి యనుమతి లేక, అమ్మిన బొమ్మనే మూలముగ పెట్టుకొని అచ్చు తీసి పోసిన నకలు. అట్టి నకలులో కంటిఱెప్పలు, తోలుపట్టీల కుట్లు మొద్దువాఱును, బుడగలు మెండు, కొలతయు నించుక తగ్గును. ఇవన్నియు లేకున్నను మేము కొనియుండము. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయరాదని పిల్లలకు చెప్పి, శిల్పి శ్రమను దొంగిలించిన వస్తువును పాఠశాల డబ్బుతో కొనుట యెట్లు? ఆఱునెలలు చందా కూడబెట్టి అసలుదానినే కొంటిమి.

ఇంక రంగుమాట. నిజము చెప్పవలెనన్న, అంగీకి ఎఱుపు వేయుమని మొదట చెప్పినవారము మేమే. పెట్టెమీద బొమ్మ ఎఱుపు, సినిమాలలో ఎఱుపు, మేము చదివిన పాఠ్యపుస్తకములలోని పటములును ఎఱుపే. రంగులపని చూచుచుండిన తొమ్మిదవ తరగతి బాలిక కుంచె చేతబట్టి, “మాష్టారూ, ఎఱుపని ఎవరు చూచినారండీ?” అని యడిగినది. మాకు సమాధానము తోచలేదు. వారమురోజులు గడువు పెట్టి, తెలిసికొని వచ్చిన పిమ్మటనే రంగు వేయుదమంటిమి. వారము రెండు నెలలైనది.

బొమ్మ ట్రాజను చక్రవర్తి కాలపు సైనికునిది. ఆయన క్రీ.శ. 98 మొదలు 117 వఱకు పాలించెను. నేటి రుమేనియా ప్రాంతమునందలి డేసియనులతో 101–102లోను, 105–106లోను యుద్ధములు చేసెను. ఆ విజయమునకు చిహ్నముగ రోమునగరమున 113లో నిలిపిన స్తంభము నేటికిని కలదు. పీఠము గాక సుమారు 30 మీటర్ల పాలరాతి స్తంభము. దానిచుట్టు మెలికలు తిరిగి పైకిపోవు శిల్పపంక్తి. అందు రెండువేల యైదువందలకు పైబడిన మానవాకృతులు. రోమక సైనికుని బొమ్మలు చేయువారి కందఱకు నిదియే పెద్దగ్రంథము. ఇందలి లీజియను సైనికులు, అనగా రోమక పౌరులతో నేర్పడిన ముఖ్యసేనవారు, ఇనుప పలకలను వరుసగ కూర్చిన కవచము తొడిగియుందురు. కాని రాతికి రంగు మిగులలేదు. డాళ్లు నిజమునకంటె చిన్నవిగ చెక్కబడినవి. పెద్దవిగ చెక్కిన మనుష్యులు మఱుగుపడుదురు గదా.

అదే యుద్ధమునకు మఱియొక సాక్షి కలదు. రుమేనియాలోని ఆడంక్లిసియను చోట 109లో ప్రతిష్ఠింపబడిన విజయస్మారకమునందలి ఫలకములవి. అందలి సైనికులు పలకల కవచము గాక గొలుసుకవచమును, పొలుసుల కవచమును తొడిగియున్నారు. కొందఱి కుడిచేతికి భుజమునుండి మణికట్టు వఱకు లోహపు తొడుగు గలదు. డేసియనుల వంకరకత్తి దెబ్బకు కాపుగ ధరించినదని పండితుల యభిప్రాయము. రాజధానిలోని శిల్పులు నేర్పరులు. సరిహద్దులోని శిల్పులు మోటువారు. అయినను ఎవరు సైనికులను దగ్గఱనుండి చూచియుందురో చదువరులే యాలోచింతురుగాక. ఒకే యుద్ధము, ఒకే కాలము, రెండు రాళ్లు రెండు విధముల చెప్పుచున్నవి. పిల్లల కిది తెలిసిననాడు మా గదిలో పుట్టిన వాదము చరిత్రపాఠమున నెన్నడును పుట్టలేదు.

కవచపు సంగతి రాతితో ఆగలేదు. 1964లో ఇంగ్లండు ఉత్తరభాగమున కార్‌బ్రిడ్జియను చోట త్రవ్వకములలో నొక కఱ్ఱపెట్టె బయల్పడినది. అందు పలకల కవచముల భాగములు, తుప్పుచేత నొకటి నొకటి యంటుకొని, దొరకినవి. ఇనుపపలకలు లోపల తోలుపట్టీలమీద అమర్పబడినవనియు, బందులు ఇత్తడిజాతి లోహముతో చేయబడినవనియు వానివలన స్పష్టమైనది. ఆ కవచమును నేడు పుస్తకములలో ‘లోరికా సెగ్మెంటాటా’ యందురు. అది రోమకులు పెట్టిన పేరు కాదు, వెనుకటి పండితులు పెట్టినది. మా బాలిక మొదట కవచమంతటికి వెండిరంగు పూసెను. అది చాక్లెట్టుకు చుట్టిన రేకువలె మెఱసెను. పిమ్మట మ్యూజియము ఛాయాచిత్రము చూచి గోధుమరంగు తుప్పు వేయబోయెను. ఇచట మేము అడ్డుపడితిమి. దొరకిన స్థితి వేఱు, తొడిగిన స్థితి వేఱు. పదునెనిమిది వందల యేండ్లకు పైగా మట్టిలో నుండినదానికి తుప్పు సహజము. దినదినము తుడుచుకొను సైనికుని కవచమునకు కాదు. కడకు నల్లరంగు కలిపిన ఉక్కురంగు పూసి, అంచులను మాత్రము వెలుగజేసి, బందులకు ఇత్తడి దిద్దినది. అది మాకు తృప్తి కలిగించినది.

డాలు ఎఱుపు. దీనికి సాక్ష్యమున్నది, కాని సరిగా ఆ కాలపుది కాదు. సిరియాలో యూఫ్రటీసు నదియొడ్డున నుండిన డ్యూరా యూరోపస్ నగరమున, 1928–37 మధ్య జరిగిన త్రవ్వకములలో, వంపుదిరిగిన రోమక డాలొకటి రంగులతో సహా దొరకినది. నేడది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు చిత్రశాలయందున్నది. నేలరంగు ఎఱుపు, దానిమీద గరుడపక్షి, సింహము, జయదేవతలు. ఆ జాతి డాలు పూర్తిగ మిగిలినది అదియొక్కటియే. కాని అది మూడవ శతాబ్దపు నడిమిది. మా సైనికునికంటె సుమారు నూటయేబది యేండ్లు చిన్నది. తాతగారి తలపాగా రంగును మునిమనుమని చొక్కా చూచి చెప్పినట్లున్నదని ఒక కొంటె బాలుడనెను. అయినను అంతకంటె మంచిసాక్ష్యము లేదు గనుక ఎఱుపే యుంచితిమి, కాగితములో కారణము వ్రాసితిమి.

అంగీకి వచ్చుసరికి మాకు రెండు లిఖితసాక్ష్యములు దొరకినవి. రెండును పండితగ్రంథములు కావు, ఖర్చుచీటీలు. ఒకటి యూదయ దేశమున మసాదా దుర్గమువద్ద దొరకినది. ఒకటవ శతాబ్దమున ఆ దుర్గమును ముట్టడించిన కాలపుది. గైయస్ మెస్సియస్ అను సైనికుని జీతపు లెక్క. వాని సొంతయూరు బేరూతు. చేతికి రావలసిన జీతము 50 దెనారియములు. అందు జోళ్లకు 5, తోలుపట్టీలకు 2, అవిసెనార యంగీకి 7, తక్కినది యవలకును భోజనమునకును పట్టుకొనబడినది. మిగిలినది సున్న. రెండవది ఈజిప్టు దేశపు కాగితము, క్రీ.శ. 138 నాటిది. ఫిలడెల్ఫియా గ్రామపు నేతవారికి కప్పదోకియలోని సేనలకొఱకు బట్టలు నేయుమని ముందుగ నిచ్చిన సొమ్ముకు సంబంధించినది. మూడున్నర మూరల పొడవుగల తెల్లని యంగీ యొకటి, తెల్లని పైవస్త్రములు. మెత్తని, మలినము లేని, స్వచ్ఛమైన తెల్లయున్నితో, అంచులు చక్కగ నుండునట్లు నేయవలెనని అందున్నది. డ్యూరాలోనే గోడమీద నొక సేనాని తన సైనికులతో బలియర్పించు చిత్రము గలదు. అందును అంగీలు తెల్లనివే.

మఱి ఎఱుపు ఎచటిది? పూర్వము రోమక సైనికులు ఎఱ్ఱబట్టలు కట్టిరని ఏడవ శతాబ్దమున సెవిల్ నగరపు ఇసిడోరు వ్రాసెను. కాని ఆయన చెప్పునది కాన్సలుల కాలమును గూర్చి; ట్రాజనుకు ముందుమాట. ఎఱుపు అసాధ్యమని మేమనము. మంజిష్ఠజాతి వేరుతో ఉన్నికి ఎఱుపెక్కించుట ఆ దేశములలో సామాన్యవిద్య. మన బందరు తీరమున చిరివేరుతో బట్టలకు ఎఱుపెక్కించినట్లే. ఒక లీజియనులో ఎఱుపు, మఱొక లీజియనులో తెలుపు ఉండియుండవచ్చును. ఒకే పటాలమున రెండును ఉండియుండవచ్చును. పరీక్షకులు ఎఱుపు సరియన్నందుకు మేము తప్పుపట్టుట లేదు. తెలుపు తప్పన్నందుకు, అందులోను కారణమడుగకయే తప్పన్నందుకు, మాట్లాడుచున్నాము.

తెలుపు వేయుట సులువని యెవరైన తలచినచో వారు కుంచె పట్టినవారు కారు. తెల్లరంగును నేరుగ పూసిన సున్నము కొట్టిన గోడవలె నుండును. మా బాలిక మొదట బూడిదకు గోధుమ కలిసిన రంగు వేసి, పలుచగ పలుచగ, ఒక్కొక్క పూత ఆఱిన పిమ్మట మీగడరంగును మడతల మిట్టలమీద దిద్దుచు పోయెను. శుద్ధమైన తెలుపు భుజముమీద రెండుచోట్ల మాత్రమే యున్నది, ఆవగింజంతయు లేదు. ఆమె వేసిన పూతలు పదునాలుగు. అంగీ క్రిందియంచున నించుక బురదరంగు. రక్తమును వేయుమని తోడిబాలురు పోరిరి. ప్రదర్శనమున బహుమానము పొందిన యోధుడు నిలువెల్ల రక్తసిక్తుడై యుండెననుటయు నిజమే. మా బాలిక వేయలేదు. “ఇతడు కావలి కాయుచున్నాడు గదా, రక్తమెక్కడిది?” అన్నది. బొమ్మ నిలిచిన తీరు కావలివానిదే.

ముఖమునకు పెట్టెమీది చిత్రకారుడు నీలికన్నులు, గులాబి బుగ్గలు పెట్టియుండెను. ట్రాజను కాలమున సైనికులు స్పెయిను, గాలు, సిరియా మొదలగు అనేక దేశములనుండి చేరిరి. బేరూతునుండి వచ్చిన మెస్సియస్ సంగతి యిదివఱకే చెప్పితిమి. మా వారు నల్లకన్నులును చామనచాయయు ఎంచుకొనిరి. ఇది కేవలము కల్పితమని కాగితమున వ్రాసిరి. బొమ్మకు మెస్సియస్ అని పేరును పెట్టిరి. అసలు మెస్సియస్ ట్రాజను డేసియాకు పోవునాటికి ముసలివాడై యుండునని మేము చెప్పినను వినలేదు.

వార్నిషుమాట మఱచితిమి. వర్షకాలమున, గాలిలో తేమ మెండుగ నున్ననాడు, మెఱుపులేని వార్నిషును డబ్బానుండి చిమ్మరాదు. తెల్లని పొగమంచువంటిది పట్టును. మేము ఎండకాచిన దినమునకై పండ్రెండు దినములు కనిపెట్టితిమి.

ఇంక ఆ కాగితము. అందు మూడు అక్షరములున్నవి: తె, ఊ, క. తెలిసినది, ఊహించినది, కల్పించినది. కత్తి కుడిప్రక్కన: తె, సామాన్యసైనికుడు కుడిప్రక్కనను, శతాధిపతి యెడమప్రక్కనను కత్తి కట్టుదురని శిల్పములవలన తెలియును. కవచపు నిర్మాణము: తె. కవచపు మెఱుపు: ఊ. డాలు ఎఱుపు: ఊ. అంగీ తెలుపు: ఊ, సాక్ష్యములు రెండు, కాలము దగ్గఱది, దేశము వేఱు. ముఖము: క. పీఠముమీది గడ్డి: క. ఇంతే. ఒక పుట. దీనిని చదువుటకు పరీక్షకులకు రెండు నిమిషములు చాలును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మా డ్రాయింగు మాష్టారు గారు మాకు మిత్రులే. వారి వాదమేమనగా, ఇది పిల్లల యాట. చీటీలు, అక్షరములు తెచ్చిపెట్టి యాటను కచేరీ పని చేయుచున్నారని. వారి మాటలో కొంత నిజమున్నదని యొప్పుకొనుచున్నాము. ఆఱవ, ఏడవ తరగతుల పిల్లలు తమ యిష్టము వచ్చిన రంగు వేసికొందురు గాక; ఆకుపచ్చ యోధుడైనను సరే. కాని పై తరగతులవారు బొమ్మక్రింద ‘ట్రాజను కాలపు రోమక సైనికుడు’ అని పేరు వ్రాసినపుడు చూచువారికి ఒక మాట యిచ్చినవారగుదురు. ఆ మాటలో నెంత నిజమో చెప్పుట వారి బాధ్యత. ఇది రుద్రమదేవి బొమ్మకును, కృష్ణదేవరాయల బొమ్మకును అంతే వర్తించును. ఎదుట నున్నది మనవారైనపుడు కల్పనను నిజమనుకొను ఆశ మఱింత యెక్కువ.

తలిదండ్రులలో నిద్దఱు వేఱొక విధముగ నాక్షేపించిరి. పాఠశాలలో సైనికుల బొమ్మలేల? యుద్ధమును పిల్లలకు ముద్దుచేసి చూపుట కాదా? ఈ ప్రశ్నను మేము తేలికగ తీసికొనలేదు. బొమ్మను కొని మేజామీద నిలుపువాడు యోధుని జూచును. రంగు వేయువాడు మనుష్యుని చూచునని మా యనుభవము. రెండు నెలలు ఒక సైనికుని జోళ్ల అడుగున మేకులు లెక్కించి, వాని జీతములో అంగీకి ఏడు నాణెములు పట్టుకొనిరని చదివి, సేవాకాలము ఇరువదియైదేండ్లనియు, మూడవ శతాబ్దము దగ్గఱపడువఱకు సైనికునికి చట్టము ప్రకారము పెండ్లి లేదనియు తెలిసికొన్న పిల్లలకు యుద్ధము ముద్దుగ కనబడునని మాకు తోచదు. ఇంగ్లండులో విందోలాండాయను కోటవద్ద 1973 మొదలు సన్నని కఱ్ఱరేకులమీద సిరాతో వ్రాసిన జాబులు దొరకుచున్నవి. అందొకదానిలో, ఎవరో ఎవరికో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోపలి చల్లడములు పంపినట్లున్నది. చలిదేశమున నున్న కొడుకునకు మేజోళ్లు పంపు తల్లులు మా తలిదండ్రులలోను కలరు. ఈ జాబును తరగతిలో చదివిననాడు పిల్లలు మొదట నవ్విరి, పిమ్మట ఊరకుండిరి. నిలువెల్ల రక్తము పూసిన బొమ్మను గూర్చియైతే ఆ తలిదండ్రుల భయము న్యాయమే యందుము.

కాబట్టి మా కోరిక చిన్నది. ఈ సంవత్సరమునుండి మా పాఠశాల ప్రదర్శనమున చరిత్రపురుషుల బొమ్మలుంచు పై తరగతుల విద్యార్థులు ఈ మూడక్షరముల కాగితమును తప్పక యుంచవలెననియు, పరీక్షకులు మార్కులు వేయుటకు మునుపు దానిని చదువవలెననియు, ‘ఊ’ అను చోట కారణము బాగుగ నున్నచో తమ యభిప్రాయమునకు విరుద్ధమైనను మార్కులు తగ్గింపరాదనియు హెడ్‌మాస్టరు గారికి వ్రాసియిచ్చితిమి. వారు సమ్మతించిరి. ఇతర పాఠశాలలవారికిని పంపితిమి. ఒక పాఠశాలనుండి జవాబు వచ్చినది, అంగీకారమే. ‘క’ అని వ్రాసినందుకు మార్కులు తగ్గింపవలెనా యని వారడిగిరి. తగ్గింపరాదని మా మతము; కల్పించినదానిని ‘తె’ అని వ్రాసినచోనే తగ్గింపవలెను. ఈ విషయమున తమ యభిప్రాయములను వ్రాయుటకు చదువరులకు స్వాతంత్ర్యము కలదు. పరీక్షకులుగ నుండినవారు వ్రాసిన మఱియు సంతోషింతుము.

బొమ్మ గ్రంథాలయమున రెండవ బీరువాలో, పై అఱయందున్నది. కాగితము దానిప్రక్కనే యున్నది, ఈ మారు మడవలేదు. తాళపుచెవి గ్రంథాలయాధికారి గారివద్ద దొరకును. చూడవచ్చునుగాని ముట్టరాదు, బల్లెపుతీగ సన్నము, ఎడమచేతి బొటనవ్రేలు ఇదివఱకే యొకమాఱు విఱిగినది.